నేవీ షో చూద్దామని వైజాగ్ వెళ్తే పిల్లలు విమానం దగ్గరే ఆగిపోయారు

మామూలుగా వైజాగ్‌లో నేవీ వాళ్ళ షో అంటే డిసెంబర్ 4 కదా, కానీ 2024లో నేవీ డే మెయిన్ ప్రోగ్రాం పూరీలో పెట్టడంతో మన ఆర్కే బీచ్‌లో జరగాల్సింది 2025 జనవరి 4కి జరిగింది, అదీ శనివారం. మా ఆవిడకి ఈ సంగతి తెలియగానే టికెట్లు బుక్ అయిపోయాయి, నన్నడగలేదు కూడా. వాళ్ళ పెద్దమ్మ గారు ఎంవీపీ కాలనీలో ఉంటారు, ఆవిడని చూసి రెండేళ్ళయింది, పిల్లలకి యుద్ధ విమానాలు చూపించినట్టూ ఉంటుంది అని ఒక్క దెబ్బకి రెండు పనులు. పెద్దోడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి నాలుగున్నర. శుక్రవారం ఒక్కరోజు బడి ఎగ్గొట్టించాం, అమ్మమ్మకి ఒంట్లో బాలేదని చెప్పి (అమ్మమ్మకి తెలిస్తే చంపేస్తుంది).

గురువారం సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్కాం, తెల్లారేసరికి దిగాం. వందే భారత్ కూడా చూశాను కానీ పిల్లలతో పగలంతా కూర్చునే కన్నా రాత్రి పడుకుని దిగడమే నయం, పైగా ఒక పూట మిగుల్తుంది. స్టేషన్ బయట ఆటో ఆయన బీచ్ రోడ్ అనగానే, "రేపు మధ్యాహ్నం నుంచి రోడ్డు మూసీస్తారు సార్, ఏ పనున్నా ఇయ్యాలే చూసీసుకోండి" అన్నాడు. ఆ ఒక్క మాటా మాకు చాలా పనికొచ్చింది, మేం మ్యూజియంలన్నీ శనివారం పొద్దున పెట్టుకున్నాం, అవి శుక్రవారానికి జరిపేశాం.

హోటల్ సంగతి చెప్పాలి. బీచ్ రోడ్ మీదే తీసుకున్నాను, పేరెందుకులెండి, "సీ వ్యూ" అని రాసుంది, సముద్రం కనపడిన మాట నిజమే, బాల్కనీలో కుడివైపు చివరికొచ్చి మెడ ఒక రకంగా వంచితే రెండు బిల్డింగుల మధ్యలోంచి ఒక నీలం గీత కనిపిస్తుంది. శనివారం రాత్రికి రేటు దాదాపు డబుల్. గీజర్ పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే అన్నారు, మేం వెళ్ళిందే ఆరున్నరకి, రూం ఇచ్చింది పదకొండుకి. అంతదాకా పెద్దమ్మ గారింట్లోనే స్నానాలూ టిఫిన్లూ. ఆవిడ ఒకటే గొడవ, "ఇల్లుండగా హోటల్ ఏటి అల్లుడు గారూ, జనం ఏటనుకుంటారు" అని. నేను నవ్వి ఊరుకున్నాను. నిజానికి శనివారం రాత్రి ఒక్కదానికి బీచ్ రోడ్ హోటల్ ఇచ్చిన డబ్బులకి తగినదే, అది తర్వాత చెప్తాను, కానీ శుక్రవారం రాత్రికి మాత్రం అక్కడ తీసుకోవడం దండగ. ద్వారకానగర్ వైపు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తీసుకుంటే సగానికి వస్తుంది, బస్సులు దొరుకుతాయి, తినడానికి బోలెడు ఉంటాయి.

ఇక శుక్రవారం మధ్యాహ్నం టీయూ 142, అంటే బీచ్ రోడ్‌లో మ్యూజియంగా పెట్టిన నేవీ వాళ్ళ పాత విమానం. అసలు ఈ ట్రిప్పులో మేం ఎక్కువ టైం ఇక్కడ గడుపుతామని అనుకోలేదు, ఒక అరగంటలో చూసేసి ఎదురుగా సబ్‌మెరైన్‌కి పోదాం అనుకున్నాం, రెండుంబావు గంటలు పట్టింది.

రోడ్డు మీంచి చూస్తే దాని సైజు అర్థం కాదు. ముక్కు నుంచి తోక దాకా 53 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. రెక్క కిందకెళ్ళి నిలబడి పైకి చూస్తే అప్పుడు తెలుస్తుంది. ఇది రష్యా విమానం, సముద్రం మీద గంటలు గంటలు తిరిగి సబ్‌మెరైన్లని వెతకడం దీని పని. 1988లో మన నేవీలోకొచ్చింది, మొదట గోవా, తర్వాత 1992 నుంచి అరక్కోణం, మొత్తం ఎనిమిది ఉండేవి. 29 ఏళ్ళు పనిచేసి 2017 మార్చిలో రిటైరయ్యాయి, 30 వేల గంటలు ఎగిరి ఒక్క ప్రమాదం కూడా లేదంట. వీటి ప్లేసులో ఇప్పుడు బోయింగ్ వాళ్ళ పీ 8ఐలు. ఈ ఒక్కటి అరక్కోణం నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి తనే ఎగిరొచ్చింది, అదే దాని ఆఖరి ప్రయాణం, అక్కడ రెక్కలూ తోకా విప్పేసి ముక్కలుగా బీచ్‌కి తెచ్చి మళ్ళీ బిగించారు. పొద్దున ఆటో ఆయన్ని కదిపితే ఆ రోజుల్లో చూశాడంట, "ఈ ముక్కలు రోడ్డు మీద తెస్తుంటే పిల్లల్తో సహా ఎల్లి చూసేం సార్, మా వోడు చేప అనుకున్నాడు" అన్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు మ్యూజియం ప్రారంభించారు.

ముందు పక్కనున్న హాల్ చూపిస్తారు, తర్వాత విమానంలోకి. హాల్లో చాలామంది ఫొటోలు దిగి వెళ్ళిపోతున్నారు, మేమూ అంతే వెళ్ళేవాళ్ళం, కానీ మావాడు ఒక పొడుగాటి గొట్టం లాంటి దాని ముందు ఆగి "నాన్నా ఇది బాంబా" అని గట్టిగా అడిగాడు, అక్కడున్న గైడ్ గారు విన్నారు. నేవీలో చేసి రిటైరైన ఆయన, తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా, మాట మెల్లిగా. "బాంబు కాదు బాబూ, చెవి" అన్నారు. అంతే, మావాడు ఆయన్ని వదల్లేదు.

సోనోబాయ్ అంటారు దాన్ని. విమానంలోంచి వదిలితే చిన్న పారాచూట్‌తో సముద్రంలో పడుతుంది, పడగానే పైభాగం నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది, కింద నుంచి ఒక తీగ దిగుతుంది, దాని చివర మైక్ లాంటిది. కింద ఎక్కడో సబ్‌మెరైన్ వెళ్తుంటే దాని ఇంజన్ చప్పుడో ప్రొపెల్లర్ చప్పుడో ఆ మైక్ వింటుంది, పైన తేలే ముక్కలో ఉన్న రేడియో విమానానికి చెప్తుంది. ఒకటి వేస్తే చప్పుడుందని తెలుస్తుందంతే, వరుసగా చాలా వేస్తే ఏది ముందు విన్నది, ఏది గట్టిగా విన్నది చూసి సబ్‌మెరైన్ ఎటు పోతోందో పట్టేస్తారు. ఇదంతా ఆయన కాగితం మీద గీసి చెప్పారు, టికెట్ వెనకాలే. మావాడు కాసేపాలోచించి, "మరి వాళ్ళు ఇంజన్ ఆపేసి గప్‌చుప్‌గా కూర్చుంటే?" అన్నాడు. ఆయన నా వైపు చూసి నవ్వి, "అప్పుడు మేమే చప్పుడు చేస్తాం. టంగ్‌మని పంపిస్తాం, ఇనుప పెట్టెకి తగిలి తిరిగొస్తుంది. దాక్కున్నోడు నోరు మూసుకున్నా ఒళ్ళు ఉంటుంది కదా" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాగుడుమూతలు ఆడితే తలుపు మీద టంగ్‌మని కొట్టడం మొదలైంది, అది వేరే బాధ.

బయటికొచ్చాక ప్రొపెల్లర్ చూపించారు. ఒక్కో ఇంజన్‌కి రెండు ప్రొపెల్లర్లు, ఒకదాని వెనక ఒకటి, ముందుది ఒకవైపు తిరిగితే వెనకది ఎదురు తిరుగుతుంది. ఎందుకంటే ముందు ప్రొపెల్లర్ గాలిని వెనక్కి తోయడమే కాకుండా సుడి తిప్పేస్తుంది, ఆ సుడిలో పోయే బలాన్ని వెనకది పట్టుకుని మళ్ళీ వాడుకుంటుంది, పైగా విమానాన్ని ఒక పక్కకి లాగే గుణం కూడా పోతుంది. ఒక్కో ఇంజన్ సుమారు 15 వేల హార్స్ పవర్. అందుకే ప్రొపెల్లర్ విమానమైనా గంటకి 900 కిలోమీటర్ల దాకా పోయేది. చప్పుడు మాత్రం భయంకరం, నీళ్ళ కింద సబ్‌మెరైన్లో ఉన్నవాళ్ళకి కూడా ఇది పైన పోతుంటే వినిపించేదని చెప్పుకుంటారంట.

లోపలికి నిచ్చెనలాంటి మెట్లు. లోపల ఇరుకు, మనం ఎక్కే విమానంలా సీట్లు వరసగా ఉండవు, ఎక్కడ చూసినా స్విచ్‌లూ డబ్బాలూ వైర్లూ. ఎత్తుగా ఉన్నవాళ్ళు తల చూసుకోవాలి, నేను చూసుకోలేదు. పదహారు గంటల దాకా గాల్లోనే ఉండగలిగేదంట, మావాడు వెంటనే బాత్రూం సంగతి అడిగాడు, గైడ్ గారు వంగి వాడి చెవిలో ఏదో చెప్పారు, వాడు పడీ పడీ నవ్వాడు, ఏం చెప్పారో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

ఒక్కటే చెప్తాను, ఇక్కడ మనిషి దొరకడమే అసలు టికెట్. ఆడియో గైడ్ కూడా ఉంది, బానే ఉంది, కానీ దాన్ని మా పిల్లలు ప్రశ్న అడగలేరు కదా. మేం వెళ్ళింది మూడింటికి, జనం పల్చగా ఉన్నారు కాబట్టి ఆయనకి తీరిక దొరికింది. శనివారం సాయంత్రం వెళ్ళుంటే తోసుకుంటూ లోపలికెళ్ళి తోసుకుంటూ బయటికొచ్చేవాళ్ళం. సోమవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి.

ఎదురుగా కురుసుర సబ్‌మెరైన్. ఇది అందరూ రాసిందే, నేను ఎక్కువ రాయను. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. జనం లోపలికెళ్ళి చూడ్డానికి ఓపెన్ చేసిన ఒరిజినల్ సబ్‌మెరైన్, డూప్ కాదు. గుండ్రటి తలుపుల్లోంచి కాళ్ళు ముందు పెట్టి దూరాలి, చిన్నపిల్లలకి అదో ఆట, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం వద్దు. ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళు కూడా ఆలోచించుకోండి, ఎందుకంటే మధ్యలో వెనక్కి తిరగడానికి ఉండదు, వెనక లైను ఉంటుంది. మా చిన్నది సగంలో నిద్రపోయింది, భుజాన వేసుకుని ఆ రంధ్రాల్లోంచి దూరాను, నా నడుం సంగతి అడక్కండి. విమానం చూశాక ఇది చూడ్డం మాత్రం మంచి వరస, వెతికేదాన్ని చూసి తర్వాత దాక్కునేదాన్ని చూసినట్టు.

ఆ రాత్రి పెద్దమ్మ గారింట్లో భోజనం. వంజరం పులుసు. ఆవిడ గురువారం రిహార్సల్‌కే వెళ్ళొచ్చేశారంట పక్కింటివాళ్ళతో. ఆ రోజు రెండు పారాచూట్లు గాల్లో చిక్కుపడిపోయి ఇద్దరు నేవీ వాళ్ళు నీళ్ళలో పడ్డారు, టీవీలో కూడా వచ్చింది, ఇద్దరూ క్షేమం. "నా కళ్ళ ముందే అమ్మా, గిర్రున తిరుక్కుంటూ పడిపోయేరు, నా గుండె ఆగిపోయిందనుకో, ఈలోగా పడవోళ్ళు ఎల్లి తీసీసేరు" అని రెండుసార్లు చెప్పారు. తర్వాత 1971 పాకిస్తాన్ యుద్ధం సంగతి వచ్చింది. అప్పుడు ఆవిడకి పదేళ్ళు, వన్ టౌన్‌లో ఉండేవాళ్ళు, హార్బర్‌కి దగ్గర. కిటికీలకి నల్లకాగితాలు, రాత్రిళ్ళు దీపం పెట్టనిచ్చేవారు కాదు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు, అద్దాలు గడగడలాడాయంట, వాళ్ళ నాన్నగారు పిల్లలందర్నీ మంచం కిందికి తోసేశారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ హార్బర్ బయట మునిగిపోయిందని తర్వాత తెలిసింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల లెక్కలు వేరు, కానీ ఆ చప్పుడు మాత్రం ఆవిడ విన్నారు. ఆ మర్నాడు రాత్రే మన మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేశాయి, నేవీ డే డిసెంబర్ 4న పెట్టుకున్నది అందుకే. మావాడు అన్నం చెయ్యి ఎండిపోయేదాకా అలా వింటూ కూర్చున్నాడు. "అప్పుడు సోనోబాయ్ ఎయ్యలేదా అమ్మమ్మా?" అంటే ఆవిడ "అదేటి, కూరా?" అన్నారు.

శనివారం. షో నాలుగింటికి అయితే మేం రెండింటికే దిగాం. హోటల్ నుంచి నడిచి ఏడు నిమిషాలు, అప్పుడు అర్థమైంది ఆ డబ్బులు దేనికో. రోడ్డంతా మూసేశారు, బళ్ళన్నీ ఏయూ గ్రౌండ్స్ వైపు పంపిస్తున్నారు, అక్కణ్ణుంచి పిల్లల్ని ఎత్తుకుని జనం దిగుతున్నారు చీమల్లాగా. ముందు వరసల్లో కుర్చీలు పాసులున్నవాళ్ళకి, మిగతా మనలాంటి వాళ్ళం ఇసకలోనో రోడ్డు పక్క పిట్టగోడ మీదో. నా సలహా, పిట్టగోడ. ఇసకలో కూర్చుంటే ముందువాళ్ళు లేచి నిలబడతారు, మీరు లేచి నిలబడతారు, వెనకవాళ్ళు తిడతారు. వైజాగ్‌లో సముద్రం తూర్పుకి కదా, సాయంత్రం ఎండ వెనక నుంచి పడుతుంది, కళ్ళలోకి కొట్టదు, షిప్పులూ విమానాలూ మెరుస్తూ కనపడతాయి, ఫోన్‌తో తీసినా ఫొటోలు బాగొస్తాయి.

షో గురించి చెప్పాలంటే, బావుంది, ఒప్పుకోవాల్సిందే. ముఖ్యమంత్రి గారు వచ్చారు, పైనుంచి కమాండోలు జెండాలతో దూకారు, ఈసారి ఎవరికీ ఏం కాలేదు, జనమంతా ఊపిరి బిగబట్టి చూశారు, దిగగానే ఆ అరుపులు ఒకటే. హెలికాప్టర్ల నుంచి తాళ్ళు పట్టుకుని జారారు. హాక్ జెట్‌లు వచ్చినప్పుడు మాత్రం, ముందు విమానం కనపడుతుంది, తల మీంచి దాటిపోతుంది, ఆ తర్వాత వస్తుంది చప్పుడు, ఛాతీలో కొట్టినట్టు. మా చిన్నది ఏడుపు లంకించుకుంది. పెద్దమ్మ గారు పొద్దున్నే పర్సులో దూది పెట్టి పంపించారు, చెవుల్లో పెట్టండమ్మా అని, మేం నవ్వుకున్నాం, చివరికి అదే కాపాడింది. చిన్నపిల్లలున్న వాళ్ళు చెవులకి ఏదో ఒకటి తప్పనిసరిగా పట్టుకెళ్ళండి.

కానీ నిజం చెప్పాలంటే పిల్లలకి సగం కనపడలేదు. దూరం. షిప్పు షిప్పుకీ తేడా వాళ్ళకి తెలీదు, మైకులో చెప్పేది అలల హోరుకీ జనం గోలకీ కలిసిపోయింది. పెద్దోడు గంటన్నరకే "నాన్నా, నిన్నటి తాతగారు ఇక్కడుంటే చెప్పేవారు కదా" అన్నాడు. చీకటి పడ్డాక మాత్రం బాగా నచ్చింది వాళ్ళకి, షిప్పుల అంచుల వెంబడి లైట్లు ఒక్కసారిగా వెలిగాయి, నల్లటి సముద్రం మీద బొమ్మ గీసినట్టు, తర్వాత ఆకాశంలో డ్రోన్లు. అది చూడ్డానికి ఎవరి వివరణా అక్కర్లేదు.

ఇబ్బందులు. టాయిలెట్లు, పెట్టారు కానీ అంత జనానికి ఏ మూలకి, ఆడవాళ్ళ లైను చూసి మా ఆవిడ నీళ్ళు తాగడం మానేసింది. ఫోన్లు అయిదింటి నుంచి పనిచెయ్యలేదు, పిల్లలు తప్పిపోయారని మైకులో చెప్తూనే ఉన్నారు, మేం ముందే జేబులో నంబర్ రాసిన చీటీ పెట్టాం కానీ ఫోనే కలవనప్పుడు ఆ నంబర్ దేనికి, కాబట్టి "తప్పిపోతే ఇక్కడికి రా" అని ఒక గుర్తు చూపించడం మేలు, మేం విక్టరీ ఎట్ సీ స్తూపం చూపించాం. తిండికి లోటు లేదు, మురీ మిక్చర్, బజ్జీలు, మొక్కజొన్న కంకులు, పీచు మిఠాయి. మురీ మిక్చర్ నేను మూడు తిన్నాను. షో అయ్యాక పెద్దమ్మ గారి పక్కింటివాళ్ళు ఇల్లు చేరేసరికి పదైందంట, ఎంవీపీ కాలనీ ఎంత దూరమని, మేం ఎనిమిదింటికల్లా రూంలో కాళ్ళు కడుక్కుంటున్నాం. యాప్‌లో క్యాబ్ పెట్టుకున్న మా పక్క రూం ఆయనకి మూడుసార్లు క్యాన్సిల్ అయింది, నాలుగోసారి చూపించిన రేటుకి ఆయన నడిచే వచ్చేశాడు.

మళ్ళీ వెళ్తే ఏం చేస్తామంటే, మెయిన్ రోజు కాకుండా రిహార్సల్‌కి వెళ్తాం. అవే విమానాలు, అవే షిప్పులు, వీఐపీ హడావిడి తక్కువ, జనం సగం, కుర్చీల కోసం తాడు కట్టి ఆపేది తక్కువ అని పెద్దమ్మ గారి మాట, ఆవిడ ఏళ్ళ తరబడి అదే చేస్తున్నారు. డేటు ముందే పేపర్లో వస్తుంది. డ్రోన్లు అవీ చివరి రోజుకే దాచుకుంటే దాచుకోనీ. మిగిలిన పూట మ్యూజియంకి.

ఆదివారం సాయంత్రం ట్రైన్. పొద్దున కైలాసగిరి అనుకున్నాం, మావాడు వినలేదు, మళ్ళీ విమానం దగ్గరికే అన్నాడు, అమ్మమ్మకి చూపించాలంట. విచిత్రం ఏంటంటే పెద్దమ్మ గారు ఏడేళ్ళుగా ఆ విమానం ముందు నుంచి బస్సులో పోతున్నారు తప్ప ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. "ఊళ్ళోదే కదా, ఎప్పుడో ఎల్లొచ్చులే అనుకుని" అన్నారు. మా శుక్రవారం గైడ్ గారు ఆ రోజు కనపడలేదు. పర్లేదు, మావాడే గైడ్ అయ్యాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని రెక్క కింద నిలబెట్టి, ముందు ప్రొపెల్లర్ ఇలా తిరుగుతుంది, వెనకది అలా తిరుగుతుంది అని రెండు చేతులూ ఎదురెదురుగా తిప్పి చూపిస్తున్నాడు, చుట్టూ ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా చేరారు. ఆవిడ మొత్తం విన్నారు, తలూపారు, మెట్ల వైపు ఒకసారి చూశారు, మోకాలు ఒకసారి సవరించుకున్నారు.

"అదంతా బాగుంది గానీ నాన్నా, ముందు నన్ను పైకి ఎలాగెక్కిస్తావో అది చెప్పు."